చొక్కా జేబులో ఉప్పు

"వంటింట్లో అడుగు పెట్టనంటే పెట్టను. ఎవర్ని కుదుర్చుకున్నావో ఆవిడే వచ్చి వడ్డిస్తుందిలే," అంది అత్తగారు. గల్లాపెట్టె వెనక కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుంది.

మాట కొడుకుతో అన్నదే అయినా, వినాల్సింది లోపలున్న కోడలు. కోడలు వింది. విని, గరిటెను గిన్నె అంచుకేసి టంగుమని కొట్టింది. రాత్రి నుంచీ ఆ ఇంట్లో మనుషులకు బదులు గిన్నెలే మాట్లాడుకుంటున్నాయి.

రాత్రి జరిగింది చిన్న సంగతా? అందరూ తినడానికి కూర్చున్న వేళ చూసి, మంచినీళ్లు అందుకోమన్నంత తేలిగ్గా, "సోమవారం నుంచి కొత్త వంటావిడ వస్తుంది" అన్నాడు కొడుకు. ఎందుకంటే భార్యకు నడుము నొప్పట. ఆ నొప్పి గురించి నడుముకే తెలియదు. తల్లిని సలహా అడిగింది లేదు, పెళ్లాన్ని మాట మాత్రం అడిగింది లేదు. అడగకపోగా కుదిర్చేసి వచ్చాడు.

తల్లికి ఒళ్లు మండింది. తనకు చెప్పకుండా ఇంట్లో చీపురు కూడా మారదు, అలాంటిది వంటమనిషి మారుతుందా? పెళ్లానికి మాత్రం మంట కాదు, భయం వేసింది. ఆ భయం బయటికి చెప్పుకునేది కాదు కాబట్టి ఆవిడ కూడా కోపం నటించింది.

బస్సులు ఆగే వీధిలో వాళ్లది భోజనాల హోటలు. ముందు గదిలో బల్లలు, వెనక వంటిల్లు, మేడ మీద కాపురం. ఎప్పుడు చూసినా చేతిలో గరిటె ఉంటుందని వచ్చేపోయేవాళ్లు కోడల్ని గరిటమ్మ అని పిలుస్తారు. వడ్డించేదీ, బల్లలు తుడిచేదీ, డబ్బులు తీసుకునేదీ భర్త. పెళ్లయిన కొత్తలో ఆవిడ ఆయన్ని వెక్కిరిస్తూ "మేనేజరు గారూ" అంది. ఆ పేరే ఖాయమైపోయింది.

గరిటమ్మ ఏనాడూ చెంచాతో కొలవలేదు. ఉప్పయినా కారమైనా చేత్తోనే. ఉడుకుతుండగా ఓ చుక్క ఎడం చేతి వెనక వేసుకుని నాలుకకు తాకించేది, తలాడించేది, దించేసేది. అంతే, దానికి తిరుగులేదు.

ఆ నాలుక ఇప్పుడు లేదు. మొన్నటి పెద్ద జ్వరం తగ్గుతూ తగ్గుతూ ఆవిడ ముక్కునూ నోటినీ తీసుకుపోయింది. వాసన లేదు, రుచి లేదు. తిరిగి వస్తే రావచ్చు, రాకపోతే లేదు, కంగారు పడితే లాభం లేదు అన్నాడు డాక్టరు. ఈ సంగతి తనకూ డాక్టరుకూ తప్ప మూడో మనిషికి తెలియదని ఆవిడ నమ్మకం. ఇప్పటికీ చేతి వెనక చుక్క వేసుకుంటుంది, నాలుకకు తాకిస్తుంది, తలాడిస్తుంది. వండేది మాత్రం పాత అలవాటు మీద, గుండె దడ మీద.

కానీ కూరలు పట్టిచ్చేస్తున్నాయి. ఒకరోజు ఉప్పు కషాయం, మర్నాడు చప్పిడి. హోటలుకు ఎదురుగా కుట్టుమిషను పెట్టుకున్న టైలరు ఎంత ఇష్టంగా తినేవాడో, ఆ టైలరే మొన్న "గరిటమ్మా, నిన్న సముద్రం, ఇవాళ మంచినీళ్ల పంపు" అని నవ్వుతూ అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వి, లోపలికెళ్లి గోడకేసి చూస్తూ నిలబడిపోయింది.

అందుకే ఈ ప్రయాణానికి ఒప్పుకుంది. ఏటి వెంబడి వెళ్లి పాత వంతెనా, కొండమీద కోటా చూసి, ఆ వైపు తిండి తిని, రాత్రికి అక్కడే ఉండి మర్నాడు రావాలని ఎప్పుడో అనుకున్నారు. మేనేజరు దృష్టిలో ఇది భార్యను మంచి చేసుకునే షికారు. గరిటమ్మ దృష్టిలో పరీక్ష. కోట దారిలో రాళ్ల మీద కాల్చే చేప ఉందట, దానికి పట్టించే పచ్చి మసాలా ఘాటుకు బండరాయికైనా కళ్లమ్మట నీళ్లొస్తాయట. ఆ ఘాటుకు కూడా తన నాలుక లేవకపోతే, ఎవరో వచ్చి లాక్కునేలోపు గరిటె తనే ఇచ్చేయాలి. రాత్రంతా అటూ ఇటూ దొర్లి ఆ నిర్ణయానికి వచ్చింది.

పొద్దున్నే మధ్యాహ్నానికి సరిపడా చిక్కుడుగింజల కూరా, గుమ్మడికాయా, అన్నం వండి మూతలు పెట్టింది. మేనేజరుకు ఎప్పటిలా వంటింటి గుమ్మంలో తారాడడానికి కుదరలేదు, వ్యాను టైరు గాలి పోయి ఉంటే మారుస్తూ వీధిలోనే ఉండిపోయాడు. అత్తగారు కుర్చీ దిగలేదు.

"మూతలు పెట్టాను, వేడిగా ఉన్నాయి, చెప్పండి మీ అమ్మగారికి," అంది గరిటమ్మ, అత్తగారికి రెండడుగుల దూరంలో నిలబడి.

"విన్నానని చెప్పరా," అంది అత్తగారు.

వచ్చినవాళ్లు ఎవరికి కావాల్సింది వాళ్లే వడ్డించుకుంటారని తీర్మానమైంది. దగ్గరుండి చూసుకునే పూచీ టైలరు నెత్తిన పడింది. వ్యాను కదిలింది.

కూరగాయలు మోసే వ్యాను అది. ఎంత కడిగినా ఉల్లిపాయల వాసన పోదు. ఇదివరకు ఎక్కగానే ముక్కు మూసుకునే గరిటమ్మ ఇప్పుడు హాయిగా అద్దం ఎత్తుకుని కూర్చుంది. మేనేజరు ఓరకంట చూసి తన వైపు అద్దం దించుకున్నాడు.

దారి పొడుగునా ఆయనే మాట్లాడాడు. రోడ్డు బాగుచేశారన్నాడు, ఏట్లో నీళ్లు తగ్గాయన్నాడు, మబ్బు పట్టింది కానీ వాన రాదన్నాడు. ఆవిడ అన్నిటికీ ఒకటే "ఊఁ". పాత వంతెన దగ్గర వ్యాను ఆపి కిందికి దింపాడు. సున్నం లేకుండా రాయికి రాయి కొరికించి కట్టిన వంతెన. ఉలి దెబ్బలు ఇంకా కనిపిస్తున్నాయి. ఆయన ఆ గాట్ల మీద వేలు పెట్టి రాస్తూ, ఇన్ని తరాలుగా ఒక్క రాయి కూడా కదల్లేదని మురిసిపోయాడు.

"ఎందుకు కదులుతుంది? దానికి చెప్పకుండా ఎవరూ ఇంకో వంతెనను కుదర్చలేదుగా," అంది గరిటమ్మ.

మేనేజరు గాటు మీంచి వేలు తీసేశాడు. మళ్లీ వ్యాను ఎక్కాక ఆయనకూ మాటలు అయిపోయాయి.

చేపల చోటు ఏటి ఒడ్డున రేకుల పందిరి. నిప్పుల మీద నల్లటి పలకరాళ్లు, రాళ్ల మీద చేపలు, పక్కన ముతక పిండితో చేసిన మందపాటి రొట్టెలు. వండేది నిండుగా ఉన్న ఒక పెద్దావిడ. ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆ చేప తినే పెరిగాయట. ఎవరి పళ్లెం వాళ్లు వెళ్లి తెచ్చుకోవాలి. నువ్వు కూర్చో, నేను తెస్తానని మేనేజరు లేచాడు.

గరిటమ్మ బెంచీ మీద కూర్చుని నిప్పుల వైపే చూస్తోంది. పక్క బెంచీ మీది వాళ్లు ముక్కులు ఎగబీలుస్తూ, కళ్లు తుడుచుకుంటూ తింటున్నారు. పొగ ఆవిడ మొహం మీదికే వస్తోంది. కళ్లు మండాయి. కళ్లు మండటం వాసన కాదు. ఆ తేడా తెలిసి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

అప్పుడు జరిగింది, జరగకూడనిది.

వాళ్ల హోటల్లో వంటింటికీ ముందు గదికీ మధ్య ఒక మలుపు ఉంది. అక్కడ నిలబడ్డ మనిషి లోపలివాళ్లకు కనపడడు, బయటివాళ్లకు కనపడడు. చేతిలో గిన్నె పట్టుకుని రోజూ ఆ మలుపు తిరిగే మేనేజరు కుడిచేతికి ఒక పని అలవాటైపోయింది. ఇక్కడ పందిరికి నాలుగు వైపులా గోడే లేదు. కానీ చేతికి గోడలతో పనేముంది? పళ్లేలు ఎడం చేతిలోకి రాగానే, అలవాటు కొద్దీ కుడిచెయ్యి చొక్కా జేబులోకి వెళ్లింది. చిన్న స్టీలు డబ్బా తీసింది, బొటనవేలితో మూత లేపింది, చేపల మీద చిటికెడు చల్లింది, డబ్బాను జేబులో పెట్టేసింది. అంతా కళ్లు మూసి తెరిచేలోగా.

"ఏయ్ బాబూ, ఆగు. నా చేప మీద ఏం చల్లావు?"

పెద్దావిడ గొంతు ఏటి అవతలి గట్టుకు వినిపించి ఉంటుంది. తినేవాళ్లు నోట్లో ముద్ద నోట్లోనే పెట్టుకుని తిరిగారు. మేనేజరు అడుగు తీసి అడుగు వేయలేక అక్కడే బిగుసుకుపోయాడు.

"ఏమీ లేదండీ. ఉప్పు."

"ఉప్పా? నా చేపకా?" ఆవిడ అట్లకాడ పట్టుకుని పొయ్యి దాటి వచ్చేసింది. పెళ్లాం పళ్లెంలో ఏదో పొడి కలిపే మొగుళ్ల గురించి తను వినకపోలేదంది. డబ్బా తీయమంది, వాసన చూసింది, నాలుకకు రాసుకుంది. ఉప్పేనని తేలాక ఆవిడ కోపం తగ్గకపోగా పెరిగింది. విషమైతే పోలీసులకు చెప్పొచ్చు, ఉప్పంటే తన వంటకు వంక పెట్టడమే కదా. "తిను. నువ్వు చల్లిందంతా నువ్వే తిను. నీ భార్యకు నేను వేరే ఇస్తాను," అని పట్టుబట్టింది.

మేనేజరు తిన్నాడు. కళ్లు పైకి తేలేశాడు. జనం నవ్వారు.

గరిటమ్మ నవ్వలేదు. ఆవిడ చూపు చేప మీద లేదు, డబ్బా మీద ఉంది. మూత ఒక పక్క సొట్టపడిన చిన్న స్టీలు డబ్బా. జ్వరం తగ్గిన రోజుల్లో వంటింటి అల్మారాలోంచి మాయమైంది. అత్తగారే ఎక్కడో పారేసిందని గరిటమ్మ, నీ వస్తువులు నేనెందుకు తాకుతానని అత్తగారు, ఎంత గొడవ పడ్డారని. ఆ గొడవంతా వింటూ, బల్లలు తుడుస్తూ, ఈ మనిషి దాన్ని జేబులో పెట్టుకునే తిరిగాడన్న మాట.

వేరే పళ్లెం వచ్చింది. గరిటమ్మ ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. పైన కరకరగా, లోపల మెత్తగా ఉంది. నాలుక మీద వేడి తెలిసింది, గొంతులో మంట తెలిసింది. రుచి లేదు. రెండో ముక్కకూ లేదు. పెద్దావిడ "ఎలా ఉందమ్మా?" అని అడిగితే చాలా బాగుందని చెప్పి, పళ్లెం ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుంది.

కోట మెట్లు ఎక్కారు. ఆవిడ ముందు, ఆయన నాలుగు మెట్లు వెనక. పైన కాపలా అతను బురుజులు చూపించాడు, నీళ్ల తొట్టి చూపించాడు, చివరగా కోట సిపాయిలకు వండిపెట్టిన వంటశాల చూపించి, చూసి రండి, నేను గేటు దగ్గరుంటానని వెళ్లిపోయాడు.

పొడుగాటి గది. ఒక గోడ వెంబడి రాతి పొయ్యిలు, పైన పొగ పోవడానికి వాలుగా కట్టిన గూడు, మసి పట్టి నిగనిగలాడుతున్న గోడలు. ఎంత కోపంలో ఉన్నా గరిటమ్మ కాళ్లు పొయ్యిల దగ్గరికే వెళ్లాయి. వంగి చూసింది. పొయ్యి వెనక గాలి లాగే కన్నం ఉంది. ఎంత తెలివిగా పెట్టారో అనుకుంది. గరిటెలు వేలాడదీసుకున్న కొక్కేల రంధ్రాలు ఉన్నాయి. నేల మీది బండలో, ఎవరెవరో నూరి నూరి గుంట పడిన చోటు ఉంది. అందులో అరచెయ్యి పెట్టింది. సరిగ్గా సరిపోయింది.

చెయ్యి అక్కడే ఉంచి, తలెత్తకుండా, "ఎప్పట్నుంచి?" అంది.

మేనేజరు గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. "జ్వరం తగ్గి నువ్వు మళ్లీ వంట మొదలుపెట్టిన వారంలోనే. ఓ రోజు కూరలో అసలు ఉప్పే వేయలేదు. నువ్వు చేతి వెనక చుక్క వేసుకుని, నాకి, తలాడించి దించేశావు."

"అయితే? చెప్పొచ్చుగా మర్చిపోయావని?"

"చెబుదామనే వచ్చాను. నీ కన్ను చూసి ఆగిపోయాను."

ఆవిడకు అర్థం కాలేదు.

"రుచి చూసినప్పుడల్లా నీ ఎడం కన్ను మూసుకుపోతుందే. నీకు తెలీదు. పెళ్లయినప్పట్నుంచీ చూస్తున్నాను. జ్వరం వచ్చాక రెండు కళ్లూ తెరిచే ఉంటున్నాయి," అన్నాడాయన.

గరిటమ్మ చెయ్యి ఎడం కంటి మీదికి వెళ్లింది. తనకే తెలియని తన కన్ను సంగతి ఈ మనిషి ఇంతకాలంగా గమనిస్తూ ఉన్నాడు. ఏడుపు ముంచుకొచ్చింది. అక్కడే బండ మీద కూర్చుని, మసి గోడకు వీపు ఆనించి, సిగ్గూ ఎగ్గూ లేకుండా ఏడ్చింది. కాపలా అతను వింటాడేమోనన్న ధ్యాస కూడా లేదు.

"ఏమీ తెలియట్లేదండీ," అంది చివరికి. "ఏం తిన్నా నోట్లో దూది పెట్టుకున్నట్టుంది. మాడినా తెలీదు, పాడైనా తెలీదు. ఇవాళ ఆ చేప కూడా తెలియలేదు. రోజూ పొయ్యి ముందు నిలబడితే ఎవరి కొంపో ముంచుతున్నానని భయమేస్తోంది."

చెప్పేసింది. పైకి అనేసరికి గుండెల మీంచి బండ దించినట్టయింది. ఇన్నాళ్లూ దీన్నేనా మోసింది అనిపించింది.

మేనేజరు వచ్చి పక్కన కూర్చున్నాడు. చొక్కాకు మసి అంటుకుంటుందని ఆవిడ ఇవతలికి లాగింది. ఆయన మొదట్లో రుచి చూసే చల్లేవాడట. కానీ ఆవిడ చూస్తుండగా గిన్నెలో వేలు పెడితే అనుమానిస్తుందని, రానురాను చూడకుండానే ఓ చిటికెడు వేసి మలుపు తిరిగేసేవాడట. ఎంత వేసినా రోజుకో రకంగా వస్తోందని, తన చేతికి ఈ విద్య రాదని అర్థమై, చివరికి వంటావిడను మాట్లాడాడట. నడుము నొప్పి అన్నది ఆవిడ పరువు కోసం.

"అంటే ఇన్నాళ్లూ నేను వండింది మీ ఉప్పుతోనా?" అంది గరిటమ్మ. "నా చెయ్యి పనికిరాదన్న మాట. సరే, రానివ్వండి ఆవిణ్ణి. నేనే గరిటె చేతికిస్తాను. ముందే అనుకున్నాను."

"నువ్వు అలా అనకు."

"మరేమనమంటారు?"

ఆయన రుమాలు తీసి ఇచ్చాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని, ఈ గదిలో ఇంకా వంట వాసన వస్తోందా అని అడిగింది. ఆయన ముక్కు ఎగబీల్చాడు. తడి రాయి, గబ్బిలాలు, పాత పొగ, ఎక్కడో ఎండుగడ్డి అని వరసగా చెప్పాడు.

"బస్సు కండక్టరు స్టాపులు చదివినట్టు చదివారు," అంది గరిటమ్మ. రాత్రి నుంచీ ఆవిడ మొహంలో నవ్వు రావడం అదే మొదలు. ఆయనకు అది చాలు. ఆ మాటకు వస్తే ఆవిడకూ కాస్త చాలు.

బయటికొచ్చి కోట గోడ దగ్గర నిలబడ్డారు. కింద ఏరు, వంతెన, పందిరి రేకులు కనిపిస్తున్నాయి. అప్పుడే ఫోను మోగింది. అత్తగారు. కొడుక్కి కాదు, కోడలికే చేసింది. గాలికి వినపడదని గరిటమ్మ స్పీకరు నొక్కింది.

"అమ్మాయ్, ఇవాళ ఆ కూరలో ఏం వేశావు?"

గరిటమ్మ ఫోను మొహం దగ్గరికి తెచ్చుకుంది. "ఏమైంది అత్తయ్యా? ఉప్పెక్కువైందా?"

కాలేదట. గిన్నె ఖాళీ అయిందట. టైలరు దగ్గరుండి చూస్తుండగానే బస్సుల వాళ్లు మళ్లీ మళ్లీ వడ్డించుకుని, చివర్న అడుగంటిన దాన్ని అన్నంతో తుడుచుకుని తిన్నారట. ఆలస్యంగా వచ్చినవాళ్లకు లేదని చెప్పడానికి అత్తగారి నోరు నొప్పి పుట్టిందట. గరిటమ్మ చెయ్యి తిరిగొచ్చిందని టైలరు వీధి వీధంతా చాటుతున్నాడట.

"నేనేం వేశాను? రోజూ వేసేదే వేశాను," అంది గరిటమ్మ.

అవతల అత్తగారు గొంతు సవరించుకుంది. ఆవిడ గొంతు సవరించుకోవడం ఆ ఇంట్లో ఎవరూ విని ఎరగరు.

"అదేనే నాకూ అర్థం కావట్లేదు. రోజూ అయితే, నువ్వు అన్నం దించడానికి అటు తిరిగినప్పుడు నేనూ ఓ చిటికెడు వేసేదాన్ని."

"మీరా?"

"జ్వరం తగ్గాక ఓ రోజు ఉప్పే వేయకుండా కూర దించావు, అది నేనూ తిన్నానుగా. మర్నాడు పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే పక్కనే నిలబడి కూరగాయలు తరుగుతున్నావు. ఆ మాత్రం తెలీదా నాకు? అడిగితే చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నాను. ఇవాళ మీ ఆయన మీద కోపంతో వంటింట్లోకే రాలేదు. ఒక్క ఉప్పు పలుకు కూడా వేయలేదు."

గరిటమ్మ భర్త వైపు చూసింది. మేనేజరు జేబులోంచి డబ్బా తీసి, దాని వంకే చూస్తున్నాడు.

"నేనూ వేయలేదు," అన్నాడు నెమ్మదిగా. "పొద్దున్నంతా టైరు దగ్గరే ఉన్నాను."

ముగ్గురికీ ఒకేసారి వెలిగింది. ఆ ఒక్క రోజు తప్పితే గరిటమ్మ చెయ్యి తప్పలేదు. ఆవిడ సరిగ్గా వేసిన కూరలో అత్తగారు ఓ చిటికెడు, మలుపులో మేనేజరు ఓ చిటికెడు. ఎక్కువైందని ఎవరైనా అంటే మర్నాడు ముగ్గురూ ఎవరికి వారు తగ్గించేవారు, అప్పుడు చప్పిడి. చప్పగా ఉందంటే ముగ్గురూ పెంచేవారు. ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకరు చిన్నబుచ్చుకుంటారని ఒకరు.

గరిటమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు నవ్వొచ్చింది. కోట గోడ పట్టుకుని కడుపు నొప్పి పుట్టేలా నవ్వింది. మేనేజరూ నవ్వాడు. ఫోనులో అత్తగారు కూడా నవ్వు ఆపుకోలేక దగ్గింది. నాలుక రాలేదు, నిజమే. రేపు వస్తుందో రాదో డాక్టరుకే తెలియదు. కానీ చెయ్యి ఉంది. చెయ్యి ఎక్కడికీ పోలేదు. అరచెయ్యి తెరిచి చూసుకుంది, ఇంకా మసి ఉంది దాని నిండా.

"డబ్బా ఇలా ఇవ్వండి," అని ఆయన చేతిలోంచి లాక్కుని తన సంచిలో వేసుకుంది. "ఇంక ఎవరైనా నా గిన్నెలో చెయ్యి పెట్టారో, చెప్తాను మీ సంగతి. ఇద్దరికీ చెప్తున్నాను."

"సరేలే. నవ్వింది చాలు," అంది అత్తగారు. "ఇక్కడ ఇంకో సంగతుంది. ఆ కొత్త వంటావిడ వచ్చేసింది."

మేనేజరు నవ్వు ఆగిపోయింది. "సోమవారం కదా రమ్మన్నాను?"

సోమవారం దాకా ఉండడానికి ఆవిడకు చోటు లేదట. ఇన్నాళ్లూ ఒక హాస్టల్లో వండిపెడుతూ అక్కడే ఓ గదిలో ఉండేదట. ఈ పని ఖాయమైందని చెప్పగానే వాళ్లు గది ఖాళీ చేయమన్నారట. ఉన్న పనీ వదిలేసుకుని, పెట్టె పట్టుకుని, మధ్యాహ్నం గుమ్మంలో నిలబడిందట. ఇంటికొచ్చిన మనిషి కదా అని అత్తగారు ముందు అన్నం పెట్టిందట.

"తినిందా?" అంది గరిటమ్మ. ఎవరి గురించైనా ఆవిడకు ముందు గుర్తొచ్చే ప్రశ్న అది.

"శుభ్రంగా తినింది. కూర రెండోసారి వేయించుకుంది. తిని, ఎవరు వండారమ్మా అని అడిగింది. మా కోడలు అన్నాను." అత్తగారి గొంతు తగ్గింది. "ఇంత బాగా వండే మనిషిని ఇంట్లో పెట్టుకుని నన్నెందుకు రమ్మన్నారమ్మా అంటూ, అప్పట్నుంచీ ఆ పెట్టె పక్కన కూర్చుని ఏడుస్తోందే. ఏం చెప్పమంటావు?"

మేనేజరు ఫోను కోసం చెయ్యి చాపాడు. తను చేసిన పని, తనే చెప్పుకోవాలి కదా. గరిటమ్మ ఫోను ఇవ్వలేదు.

ఎన్నాళ్లనుంచో వినాలని చెవి కోసుకున్న మాట అది. అది చెప్పింది తన పొయ్యి కోసం వచ్చిన మనిషి. ఆ మాట చెప్పి, ఉన్న నీడా పోగొట్టుకుని ఏడుస్తోంది. నిన్న రాత్రంతా ఆ మొహం తెలియని మనిషిని ఎన్ని తిట్లు తిట్టుకుందో గరిటమ్మకు గుర్తొచ్చింది.

"ఆవిణ్ణి ఎక్కడికీ వెళ్లనివ్వకండి అత్తయ్యా. నేను వచ్చేస్తున్నాను."

"వచ్చి ఏం చెప్తావే?"

"దారిలో ఆలోచిస్తాను," అంది గరిటమ్మ. ఫోను పెట్టేసి, భర్త వైపు తిరిగి, వ్యాను తాళం కోసం చెయ్యి చాపింది.